పుస్తకంలో గీసే కణం ఒంట్లో ఎక్కడా లేదు

(డిగ్రీ విద్యార్థులు, సైన్సు ఉపాధ్యాయులు, ఊరి పెద్దలు హాజరైన సభలో ఒక జీవశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఈ ఎండలో, పనులు మానుకుని వచ్చిన పెద్దలకు మరీ మరీ నమస్కారం.

హైస్కూలు సైన్సు పుస్తకం ఏది తెరిచినా జంతు కణం బొమ్మ ఒకటి ఉంటుంది. చుట్టూ గుండ్రంగా గీత, నడుమ కేంద్రకం, అక్కడక్కడా ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా, ఒక పక్కన గాల్జీ సంక్లిష్టం. పక్కనే వృక్ష కణం. దానికి కణకవచం, హరితరేణువులు, నీళ్లు నిలవుండే రిక్తిక అనే పెద్ద సంచి అదనం. బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తే మార్కులు పడతాయి. ఆ బొమ్మ నేర్చుకోవాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ సరిగ్గా ఆ బొమ్మలా ఉండే కణం కోసం మన ఒళ్లంతా వెతికినా ఒక్కటి దొరకదు. ఎందుకంటే ఆ బొమ్మలోని కణానికి పనంటూ ఏమీ లేదు. నిజం కణానికి పని ఉంటుంది. ఆ పని కోసం అది ఒక భాగాన్ని విపరీతంగా పెంచుకుంటుంది, ఇంకో భాగాన్ని తగ్గించుకుంటుంది, కొన్నిసార్లు పూర్తిగా వదిలేస్తుంది. కేంద్రకాన్నే బయటికి నెట్టేసే కణాలున్నాయి. చచ్చిపోయాక గానీ పనికిరాని కణాలున్నాయి. ఏ కణం ఏం వదులుకుంది, వదులుకున్నదాన్ని దానికి ఎవరు సమకూరుస్తున్నారు అనే ప్రశ్న పట్టుకుని వెళ్తే కణాల పాఠం బట్టీ పట్టాల్సిన పని ఉండదు. ఇవాళ ఆ దారినే వెళ్దాం.

అన్ని కణాలకూ ఉమ్మడిగా ఉండేవి కొన్నే. బయట కొవ్వు పదార్థంతో చేసిన పల్చటి పొర. లోపల డీఎన్ఏ, కనీసం పుట్టేటప్పుడైనా. ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములు. ఇక్కడిదాకా బాక్టీరియాకూ మనకూ తేడా లేదు. ఆ తర్వాత తేడాలు మొదలవుతాయి. బాక్టీరియాకు కేంద్రకం లేదు, దాని డీఎన్ఏ కణంలోనే ఒకచోట చుట్ట చుట్టుకుని ఉంటుంది. దాని పొడవు మామూలుగా ఒకటి రెండు మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాని గోడ వేరే పదార్థంతో కట్టింది, దాని రైబోజోము మనదానికన్నా చిన్నది. ఇవి పరీక్షలో రాయడానికే పనికొచ్చే తేడాలు కావు. పెన్సిలిన్ మనల్ని వదిలేసి బాక్టీరియాను మాత్రమే చంపగలుగుతోందంటే, అది కొట్టేది ఆ గోడ కట్టుబడిని కాబట్టి. మనకు ఆ గోడే లేదు. టెట్రాసైక్లిన్ మందులు బాక్టీరియా రైబోజోముకు అతుక్కుని ప్రొటీన్ల తయారీ ఆపేస్తాయి. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్. 1948లో లోకానికి తెలిసిన ఆ మందు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పుట్టింది. దాన్ని కనిపెట్టినాయన బెంజమిన్ డగ్గర్. అప్పుడు అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన పేరు గుర్తుపెట్టుకోండి, ఇవాళ ఇంకో రెండుమూడు చోట్ల తప్పకుండా వస్తుంది.

కణాన్ని ఇంగ్లీషులో సెల్ అంటారు, అంటే చిన్న గది. ఆ పేరు రావడానికి కారణం 1665లో రాబర్ట్ హుక్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త బెరడు ముక్కను సూక్ష్మదర్శినిలో చూడడం. ఆయనకు కనిపించినవి ఖాళీ గదులు. అంటే ఆయన చూసింది బతికున్న కణాల్ని కాదు, అవి చచ్చిపోయాక మిగిలిన గోడల్ని. పుస్తకాల్లో దీన్నొక లోపంలా చెబుతుంటారు. నాకు మాత్రం అలా అనిపించదు. మొక్కల్లో కొన్ని కణాలు గోడ కట్టడానికే పుడతాయి. కట్టడం పూర్తయ్యాక చచ్చిపోతాయి. ఆ గోడే వాటి జీవితకాలపు పని.

మన ప్రాంతంలో దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు, పత్తి. ఇక్కడ పత్తి పండించేవాళ్లు ఉన్నారు, చేతులెత్తమనను గానీ నాకు తెలుసు. విచ్చుకున్న కాయలోంచి ఒక గింజ తీసి, దాన్నుంచి ఒకే ఒక్క పోగు లాగి, నల్లటి గుడ్డ మీద పెట్టి చూడండి. అంగుళం పొడవుంటుంది, కాస్త అటూ ఇటూగా. ఆ పోగు మొత్తం ఒకే కణం. ఎన్నో కణాలు వరసగా అతుక్కుని తయారైంది కాదు. గింజ పైచర్మంలోని ఒక కణం అలా బయటికి సాగింది. మందం చూస్తే మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా ఉండదు, పొడవేమో అంగుళం. మామూలు కంటికి కనిపిస్తూ, చేత్తో పట్టుకోగలిగే కణం ఇది. ఒక్కో గింజ మీద ఇలాంటివి వేల సంఖ్యలో ఉంటాయి.

అది అంత పొడవు ఎలా సాగుతుందో చూడండి. పువ్వు విచ్చిన రోజునే గింజ పైచర్మంలో కొన్ని కణాలు బుడిపెల్లా పైకి లేస్తాయి. తర్వాత రెండు మూడు వారాలు పొడవు పెరగడమే పని. కణం నడుమ ఉన్న రిక్తికలోకి పొటాషియం, చక్కెర, మాలిక్ ఆమ్లం వచ్చి చేరతాయి, వాటి వెంట నీళ్లు వస్తాయి. లోపలి నుంచి నీటి ఒత్తిడి, బయట ఇంకా పల్చగా, సాగే గుణంతో ఉన్న గోడ. అందుకని కణం పొడవునా సాగిపోతుంది. ఆ రోజుల్లో చేనుకు నీళ్లు అందకపోతే పింజ పొట్టిదవుతుంది. నేల ఎంత బలంగా ఉన్నా, తర్వాత ఎన్ని తడులు పెట్టినా ఆ పొడవు మళ్లీ రాదు, ఎందుకంటే తర్వాతి దశలో కణం సాగడం మానేస్తుంది. అప్పుడు గోడ లోపలివైపు సెల్యులోజును పొర మీద పొరగా పేర్చడం మొదలుపెడుతుంది. ఇంకో మూడు నాలుగు వారాలు ఇదే పని. చివరికి పోగు బరువులో నూటికి తొంభైకి పైగా సెల్యులోజే. కాయ పగిలాక లోపలి నీరు ఆరిపోతుంది, కణం చచ్చిపోతుంది, బోలుగా ఉన్న పోగు చప్పబడి మెలికలు తిరుగుతుంది. ఆ మెలికలే లేకపోతే ఒక పోగు ఇంకో పోగును పట్టుకోదు, నూలు వడకడం కుదరదు. మన గుడ్డ నిలబడింది ఆ కణం చనిపోయిన తీరు మీద.

ఆదోనిలోనో గుంటూరులోనో వరంగల్ ఎనుమాములలోనో వ్యాపారి పింజ పొడవు ఎంత, మైక్రోనేర్ ఎంత అని అడుగుతాడు. ఈ రెండూ ఆ కణం జీవితంలోని రెండు దశల కొలతలే. మొదటిది అది ఎంత సాగిందో చెబుతుంది. రెండోది పోగు ఎంత సన్నగా ఉంది, గోడ ఎంత మందంగా నిండింది అన్న రెంటినీ కలిపి చెబుతుంది. గోడ నిండకముందే చేను ఎండిపోతే, లేదా తెగులు సోకితే పోగు పచ్చిగా మిగిలిపోతుంది. అలాంటి పోగు రంగు సరిగా పట్టదు, అద్దకం వేసిన గుడ్డ మీద తెల్లటి చుక్కలుగా కనబడుతుంది. రైతు చెమటకు ధర కట్టే దగ్గర కణశాస్త్రం ఇంతగా పనిచేస్తుంటే, మన పాఠాల్లో పత్తి పోగు ఒక కణమన్న మాట ఒక్క ముక్క కూడా ఎందుకు గట్టిగా చెప్పమో నాకు బాధగా ఉంటుంది.

మొక్కలోనే ఇంకో మాట చెప్పి ముందుకు వెళ్తాను. వేరు నుంచి ఆకుదాకా నీటిని తీసుకెళ్లే దారుకణాలు కూడా చచ్చిపోయాకే పనిచేస్తాయి. లోపల ఏమీ మిగలకూడదు, ఉంటే నీటికి అడ్డం. ఆకులో తయారైన చక్కెరను కిందికి మోసే చాలనీ కణాలు మాత్రం బతికే ఉంటాయి గానీ కేంద్రకాన్ని వదిలేస్తాయి. పక్కనే అంటిపెట్టుకుని సహకణం ఒకటి ఉంటుంది. రెండూ ఒకే తల్లికణం నుంచి విడిపోయినవి. కేంద్రకం ఉంచుకున్న సహకణం, వదులుకున్నదాన్ని పోషిస్తుంది. ఇందాక అన్నానే, వదులుకున్నదాన్ని ఎవరు సమకూరుస్తున్నారని, దానికి ఇంత సూటి ఉదాహరణ ఇంకోటి లేదు.

ఇప్పుడు మన ఒంట్లోకి వద్దాం. ముందు పేగు.

చిన్నపేగు లోపలి గోడ మీద మిల్లీమీటరు ఎత్తులోపు చూషకాలు, అంటే వేళ్లలా పొడుచుకొచ్చిన బుడిపెలు, ఒత్తుగా ఉంటాయి. వాటి మీద ఒకే ఒక్క వరసలో కణాలు. మనం తిన్న అన్నానికీ మన రక్తానికీ మధ్య ఉన్నది దాదాపు ఆ ఒక్క వరసే. ఒక్కో కణానికి పేగు లోపలివైపు మళ్లీ వేల కొద్దీ సూక్ష్మ చూషకాలు, ఒక్కోటి మైక్రాను ఎత్తు. ఉన్న కాస్త చోటులో వీలైనంత ఎక్కువ పొర ఉండాలన్నదే ఇక్కడ లెక్క. ఆహారాన్ని పట్టుకునే వాహక ప్రొటీన్లు ఉండేది ఆ పొరలోనే కాబట్టి పొర ఎంత ఉంటే అంత పీల్చుకోవచ్చు. ఈ కణం వదులుకున్నది ఆయుష్షు. మూడు నుంచి అయిదు రోజులు బతికి, చూషకం కొసకు చేరి, రాలిపోతుంది. కింద గుంటల్లో ఉన్న మూలకణాలు రాత్రింబవళ్లు విభజన చెందుతూ కొత్తవాటిని పైకి పంపిస్తుంటాయి.

ఈ కణానికి రెండు ముఖాలున్నాయి, రెండూ ఒకటి కాదు. పేగు వైపు ముఖంలో ఒక ప్రొటీన్ ఉంది. అది గ్లూకోజును ఒంటరిగా లోపలికి రానివ్వదు, సోడియం తోడు ఉంటేనే రానిస్తుంది. రక్తం వైపు ముఖంలో ఇంకో పంపు ఉంది, అది లోపలికి వచ్చిన సోడియాన్ని అటువైపు తోసేస్తూ ఉంటుంది. సోడియం, గ్లూకోజు ఎటు వెళ్తే నీళ్లు అటు వెళ్తాయి. ఈ జంట ప్రయాణం సంగతి 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించారు.

దీన్ని పక్కన పెట్టుకుని కలరా సంగతి చూడండి. కలరా సూక్ష్మజీవి పేగు కణాల్ని చంపదు. అది విడిచే విషం కణంలో ఒక మీటను తెరిచి, మూసుకోకుండా చేస్తుంది. క్లోరైడు బయటికి పోతుంది, దాని వెంట సోడియం, దాని వెంట నీళ్లు. జబ్బు ముదిరిన మనిషి గంటకు లీటరు దాకా కోల్పోతాడు. ఆ విషం ఉందని 1959లో కలకత్తాలో నిరూపించినాయన శంభునాథ్ దే. బతికుండగా ఆయనకు రావాల్సిన గౌరవం రాలేదు, అది మన దేశం మోస్తున్న అప్పు. సరే, మీట తెరుచుకుపోయింది. కానీ గ్లూకోజు, సోడియం కలిసి వెళ్లే ద్వారం మాత్రం చెక్కుచెదరలేదు. కేవలం నీళ్లు తాగిస్తే నిలవవు. ఉప్పు నీళ్లు తాగించినా అంతే. ఉప్పుతో పాటు చక్కెర సరైన పాళ్లలో కలిపి తాగిస్తే ఆ ద్వారం గుండా నీళ్లు లోపలికి చేరతాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు గ్లూకోజు, ఉప్పు, వంటసోడా తూకం వేసి నీళ్లలో కలిపి, డ్రమ్ముల్లో నింపి, రోగుల తాలూకు మనుషుల చేతే తాగించారు. అంతకుముందు నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు పడిపోయాయి. ఇవాళ మన ఆశా కార్యకర్తలు ఇంటింటికీ ఇచ్చే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ వెనక ఉన్నది ఈ ఒక్క కణం పొర.

తల్లులకు ఒక్క మాట. ప్యాకెట్ మొత్తం, దాని మీద రాసినన్ని నీళ్లలో కలపాలి. పిల్లాడికి తియ్యగా ఉంటే తాగుతాడని చక్కెర ఎక్కువ వేయొద్దు. చక్కెర మోతాదు దాటితే నీళ్లు రక్తంలోంచి తిరిగి పేగులోకి వచ్చేస్తాయి, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. కూల్ డ్రింకుతో నష్టమే ఎక్కువ అనేది ఇందుకే. ఉప్పు వేసిన గంజి మన పెద్దలు తాగించేవాళ్లు. గంజిలోని పిండి పదార్థం పేగులో నెమ్మదిగా గ్లూకోజుగా మారుతుంది, కాబట్టి దానిలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది.

ఇక నాడీకణం. ఒక సంగతి మీ అందరికీ అనుభవమే. చీకట్లో మంచం కోడుకు కాలి వేలు తగులుతుంది. తగిలిందన్న సంగతి వెంటనే తెలుస్తుంది. చురుక్కుమంటుంది. ఆ తర్వాత ఒక క్షణం ఆగి, అసలు నొప్పి, ఆ సలుపు, లోపలి నుంచి పొంగుకొస్తుంది. ఈ ఆలస్యం మనసు పుట్టించింది కాదు, రెండు రకాల నాడీకణాల వేగాల్లో తేడా. మొదటి రకానికి మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది, వార్త సెకనుకు ఎన్నో మీటర్ల వేగంతో వెళ్తుంది. రెండోది సన్నటి, తొడుగులేని పోగు, సెకనుకు మీటరో రెండో, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. వేలు నుంచి మెదడుకు మీటరున్నర దూరం ఉంది మరి.

ఆ దూరంలో చాలా భాగాన్ని ఒకే కణం దాటుతుంది. దాని ప్రధాన దేహం వెన్నుపాము పక్కన ఉంటుంది, మిల్లీమీటరులో పదో వంతు ఉంటే గొప్ప. దాని పోగు మాత్రం కాలి వేలు దాకా, మీటరు పొడవు. ప్రొటీన్ల తయారీ దాదాపు అంతా వెన్నుపాము దగ్గరే జరగాలి. అక్కణ్నుంచి కాలి వేలికి సరుకు చేరాలి. కొన్ని సరుకులు రోజుకు 40 సెంటీమీటర్ల దాకా వెళ్తాయి, రెండు మూడు రోజుల్లో చేరతాయి. పోగుకు ఆకారం ఇచ్చే ప్రొటీన్లు మాత్రం రోజుకు కొన్ని మిల్లీమీటర్లే కదులుతాయి, ఏడాది పట్టినా పట్టొచ్చు. షుగర్ జబ్బు ఏళ్ల తరబడి అదుపులో లేనివాళ్లకు ముందు అరికాళ్లే ఎందుకు తిమ్మిరెక్కుతాయి, చేతులకు తర్వాత ఎందుకు వస్తుంది? అన్నిటికన్నా పొడవైన కణాల కొసలు పాదాల్లో ఉన్నాయి. రవాణాలో ఇబ్బంది వస్తే ముందు దెబ్బతినేది చిట్టచివర ఉన్నదే. చెప్పుల్లేకుండా నడవొద్దని, రోజూ అరికాళ్లు చూసుకోమని డాక్టరు చెప్పేది ఇందుకే. ముల్లు గుచ్చుకున్నా తెలియని పాదం చాలా ప్రమాదం.

నాడీకణాల్లో దాదాపు అన్నీ విభజన శక్తిని వదులుకున్నాయి. మీరు చిన్నప్పుడు ఎక్కం నేర్చుకున్న కణాలతోనే ఇవాళ నా మాట వింటున్నారు. గుండె కండర కణాలూ అంతే, పెద్దయ్యాక అవి కొత్తగా పుట్టడం చాలా అరుదు. గుండెపోటులో చచ్చిన చోట మచ్చ మిగులుతుంది తప్ప కండరం మొలవదు.

కండరం అన్నాను కాబట్టి సుబ్బారావు గారి దగ్గరికి వద్దాం. మన చేతుల్లో, కాళ్లలో ఉండే కండర కణం చాలా కణాలు కలిసిపోయి ఒకటైనది, అందుకే దానిలో వందల కేంద్రకాలు ఉంటాయి. లోపల రెండు రకాల ప్రొటీన్ పోగులు, యాక్టిన్, మయోసిన్. మయోసిన్ తలలు యాక్టిన్‌ను పట్టుకుని లాగుతాయి, వదులుతాయి, మళ్లీ పట్టుకుంటాయి. దీనికి కావలసిన శక్తి లాక్టిక్ ఆమ్లం తయారీ నుంచి వస్తుందని 1920లలో పెద్ద పెద్దవాళ్లు నమ్మారు, ఆ కృషికి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్, సుబ్బారావు కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని కనిపెట్టారు. 1929లో ఏటీపీని, అంటే కణానికి శక్తి అందించే అణువును, వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా వేరుగా ఆ పదార్థాన్నే కనుగొన్నారు. కణం ఖర్చుపెట్టే శక్తి ఏ రూపంలో ఉంటుందో అక్కడి నుంచి తెలుస్తూ వచ్చింది. బాక్టీరియా, పత్తి, పేగు, మెదడు, అన్నిట్లోనూ అదే. కండరంలో నిలవ ఉన్న ఏటీపీ గట్టిగా పరుగెత్తితే కొన్ని సెకన్లకే చాలదు. దాన్ని వెంటనే తిరిగి నింపేది ఫాస్ఫోక్రియాటిన్. జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు డబ్బాల్లో కొనుక్కునే క్రియాటిన్ ఉందే, దాని కథ మొదలైంది ఇక్కడే.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఏటీపీ బిగుసుకోవడానికే కావాలని మనం అనుకుంటాం. నిజానికి పట్టు వదలడానికి కూడా అదే కావాలి. కొత్త ఏటీపీ వచ్చి అంటుకుంటే గానీ మయోసిన్ తల యాక్టిన్‌ను విడిచిపెట్టదు. మనిషి పోయిన కొన్ని గంటలకు శరీరం కట్టెలా బిగుసుకుపోయేది అందుకే. ఏటీపీ అయిపోయింది, పట్టుకున్న తలలు పట్టుకున్నట్టే ఉండిపోయాయి. రోజు దాటాక ప్రొటీన్లే చెడిపోవడం మొదలై మళ్లీ వదులవుతుంది.

ఎర్ర రక్తకణాన్ని చివరికి ఉంచాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కణం, పైగా దీని గురించి ఇవాళ మన ప్రాంతంలో మాట్లాడాల్సిన అవసరం ఉంది.

మన ఒంట్లో సుమారు 30 లక్షల కోట్ల కణాలుంటే, లెక్కకు అందులో నూటికి ఎనభైకి పైగా ఎర్ర రక్తకణాలే. ఆకారం చూస్తే, నూనెలో వేసేముందు నడిమధ్యన బొటనవేలితో నొక్కి, చిల్లు మాత్రం పడనివ్వని గారెలా ఉంటుంది. అడ్డం ఏడెనిమిది మైక్రాన్లు. ఆ నొక్కు వల్ల రెండు లాభాలు. లోపల ఆక్సిజన్‌ను మోసే ప్రొటీన్ అయిన హిమోగ్లోబిన్‌లో ఏదీ పొరకు దూరంగా ఉండదు, ఆక్సిజన్ త్వరగా చేరుతుంది. రెండోది, లోపలి సరుకుకు కావలసినదానికన్నా పొర ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఎటంటే అటు మడుచుకోగలదు. మైక్రాను వెడల్పు కూడా లేని ప్లీహపు (స్ప్లీన్) సందుల్లోంచి ఈ కణం దూరి వెళ్లాలి. దూరగలిగితే ఇంకా ఆరోగ్యంగా ఉన్నట్టు. దూరలేనిదాన్ని అక్కడ కాపలా ఉన్న మాక్రోఫేజులు అనే రక్షక కణాలు మింగేస్తాయి.

ఈ కణం మూలుగలో పుట్టినప్పుడు కేంద్రకం, మైటోకాండ్రియా అన్నీ ఉంటాయి. హిమోగ్లోబిన్ నిండుతున్న కొద్దీ కేంద్రకం ముడుచుకుంటుంది. ఒక దశలో కణం దాన్ని ఒక పక్కకు నెట్టి బయటికి తోసేస్తుంది. పక్కనున్న మాక్రోఫేజు దాన్ని తినేస్తుంది. తర్వాత మైటోకాండ్రియా, రైబోజోములు పోతాయి. మిగిలేది పొర, దాని కింద వలలాంటి ప్రొటీన్ అల్లిక, లోపల దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు. మైటోకాండ్రియా లేదు కాబట్టి తాను మోసే ఆక్సిజన్‌లో రవ్వంత కూడా తాను వాడుకోలేదు. గ్లూకోజును ఆక్సిజన్ లేకుండా విడగొట్టుకుని ఆ కొద్ది ఏటీపీతో బతుకుతుంది. కేంద్రకం లేదు కాబట్టి ఏది చెడినా కొత్తది చేసుకోలేదు. అందుకే 120 రోజులకు దాని పని అయిపోతుంది. ఆ లెక్కకు సరిపోవాలంటే మూలుగ ప్రతి సెకనుకూ 20 లక్షలకు పైగా కొత్త కణాల్ని పంపాలి.

షుగర్ ఉన్నవాళ్లకు మూడు నెలల సగటు టెస్ట్ అని హెచ్‌బీఏ1సీ చేస్తారు. రక్తంలో ఉన్న గ్లూకోజు హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది, కణం బతికినన్నాళ్లూ అలాగే ఉంటుంది. ఆ ఆయుష్షే మనకు మూడు నెలల చరిత్ర చెబుతోంది. ముందురోజు ఉపవాసం ఉన్నా ఆ లెక్క మారదు. అలాగే రక్తహీనత, కాసేపట్లో చెప్పబోయే సికిల్ సెల్ జబ్బు వంటివి ఉండి కణాలు త్వరగా పోయేవాళ్లకు ఈ టెస్ట్ తప్పుడు అంకె చూపిస్తుంది, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇన్ని కణాలు పుట్టాలంటే డీఎన్ఏ నకళ్లు తీయాలి, దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. అది తగ్గితే ముందు దెబ్బతినేవి వేగంగా విభజన చెందే కణాలే, పేగు పొరా, మూలుగా. స్ప్రూ అనే జబ్బులో పేగు చూషకాలు చప్పబడిపోతాయి, తిన్నది వంటబట్టదు, రక్తం పడిపోతుంది. సుబ్బారావు గారి సోదరుణ్ని బలితీసుకుంది ఆ జబ్బే. 1945 ప్రాంతంలో లెడర్లీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది, అది స్ప్రూకూ ఆ తరహా రక్తహీనతకూ మందైంది. ఇవాళ గర్భిణులకు ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నది అదే. మూలన పడేయకండమ్మా, ఆ మాత్ర వేసుకోండి.

ఇప్పుడు సికిల్ సెల్. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం ఉండాలి. ఈ జబ్బులో దాని బదులు వాలిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం చేరుతుంది. మార్పు అంతే. 1949లో లైనస్ పాలింగ్ బృందం ఇది అణువులోనే ఉన్న తేడా అని చూపించింది, 1956లో వెర్నన్ ఇంగ్రమ్ ఆ తేడా ఎక్కడుందో పట్టుకున్నారు. ఆక్సిజన్ వదిలేసిన వెంటనే ఈ హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టి పోగులవుతాయి. కణం కొడవలిలా వంకర తిరుగుతుంది. మడుచుకునే గుణం పోయింది, ఇక సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుపోతుంది. ఎముకల్లో భరించలేని నొప్పి వచ్చేది అప్పుడే. 120 రోజులు బతకాల్సిన కణం పది ఇరవై రోజులకే పోతుంది. మూలుగ ఎంత పనిచేసినా చాలదు కాబట్టి వీళ్లకు రోజూ ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. హైడ్రాక్సీయూరియా అనే మందు పుట్టినప్పటి రకం హిమోగ్లోబిన్‌ను మళ్లీ పెంచి నొప్పుల్ని తగ్గిస్తుంది. ప్లీహం దెబ్బతింటుంది కాబట్టి పిల్లలకు న్యుమోనియా టీకాలు తప్పనిసరి. జ్వరం వస్తే చూద్దాంలే అని ఇంట్లో ఉంచుకోకూడదు.

మన ఆదిలాబాద్ గూడేల్లో, పాడేరు వైపు మన్యంలో ఈ జన్యువు ఎక్కువగా ఎందుకుంది? తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క ప్రతి మాత్రమే వచ్చినవాళ్లకు మలేరియా ప్రాణాంతకం కావడం తక్కువ. ఈ సంగతి 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో చూపించారు. తరతరాలుగా మలేరియా ఉన్న చోట ఆ ఒక్క ప్రతి మనిషిని కాపాడింది, అందుకే నిలిచింది. ఇది ఎవరి తప్పూ కాదు, శాపమూ కాదు. ఈ మాట గూడెంలో నలుగురి ముందు గట్టిగా చెప్పాల్సిన బాధ్యత ఇక్కడున్న టీచర్లది, నర్సులది.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ఈ జబ్బు నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలైంది. 40 ఏళ్లలోపు వాళ్లు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది దాని లక్ష్యం. వేలి మీద చిన్న గాటు పెట్టి చుక్క రక్తం తీసి చేస్తారు. ఒక్క ప్రతి ఉంటే క్యారియర్ అని కార్డు ఇస్తారు. క్యారియర్ అంటే రోగి కాదు, అతను పొలం పనికి వెళ్లొచ్చు, పోలీసు ఉద్యోగానికి పరుగెత్తొచ్చు. విపరీతమైన ఎండలో శ్రమ చేసేటప్పుడు నీళ్లు బాగా తాగాలి, అంతే. అయితే భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు వచ్చింది కదా, రెండో బిడ్డకు రాదులే అనుకోవడానికి లేదు, ప్రతిసారీ లెక్క మొదటికే వస్తుంది. కాబట్టి పెళ్లి మాటలప్పుడు రెండు కార్డులూ చూసుకోవాలి. ఇప్పటికే పెళ్లయినవాళ్లు గర్భం వచ్చిన తొలి వారాల్లోనే ఏఎన్ఎంకు చెప్తే బిడ్డకు పరీక్ష చేయించే దారి చూపిస్తారు. పుట్టిన బిడ్డకైతే మొదటి రోజుల్లోనే మడమ నుంచి తీసిన చుక్క రక్తంతో తెలుసుకోవచ్చు. అప్పుడే తెలిస్తే టీకాలు, మందులు వేళకు మొదలవుతాయి, నొప్పి వచ్చాక ఆసుపత్రుల చుట్టూ తిరిగే పని తగ్గుతుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి. వెనక వరసలోవాళ్లకు మైకు అందిస్తారు.